వేరొకరు కట్టిన ఎక్స్‌పెరిమెంటల్ విమానం కొంటే పానా ఎవరు పట్టొచ్చు, సంతకం ఎవరు పెట్టాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. డల్లాస్ దగ్గర ఉంటున్న మీ బావగారు వాన్స్ అనే కంపెనీ కిట్‌తో ఇంట్లో కట్టుకునే ఆర్‌వీ-6 అనే చిన్న విమానం ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొనబోతున్నారు. దాన్ని గ్యారేజీలో కట్టుకున్నాయన వేరే, వయసు మీదపడి అమ్మేస్తున్నారు. ఇలా ఇంట్లో కట్టుకున్నవాటికి అమెరికాలో ఇచ్చే సర్టిఫికెట్ పేరే ఎక్స్‌పెరిమెంటల్. బావగారు మెయింటెనెన్స్ సొంతంగా చేసుకోవచ్చా, ఏడాదికోసారి జరిగే తనిఖీకి సంతకం ఎవరిది, మాగ్నెటోలు (బ్యాటరీ లేకుండా ఇంజన్‌కు నిప్పురవ్వ ఇచ్చేవి) తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, ఇప్పుడున్న ఫిక్స్‌డ్ ప్రొపెల్లర్ బదులు ఎగురుతుండగానే బ్లేడ్ కోణం మారే కాన్‌స్టంట్ స్పీడ్ ప్రొపెల్లర్ పెట్టాలంటే ఎవరినడగాలి, కొన్నాళ్లకు బెంగళూరు తిరిగొచ్చేస్తే దాన్ని జక్కూరు ఎయిర్‌ఫీల్డ్‌లో పెట్టుకుని ఎగరొచ్చా అని అడిగారు. మీరు మారతహళ్లిలో ఉండి ఆయన తరఫున అడుగుతున్నారు కాబట్టి దీన్ని ఉన్నదున్నట్టు ఆయనకు పంపండి, సగం విషయాలు ఆయన విమానం పక్కన నిలబడి చూసుకోవాల్సినవే.

నేను అమెరికాలో కొన్నేళ్లు ఏ అండ్ పీ (విమాన మెకానిక్) లైసెన్స్ మీద పని చేశాను, నా దగ్గరకు వచ్చినవాటిలో ఎక్కువ భాగం ఇలా ఇంట్లో కట్టుకున్న విమానాలే. ఇప్పుడు బెంగళూరులో ఏఎంఈగా, అంటే లైసెన్స్ ఉన్న విమాన మెయింటెనెన్స్ ఇంజనీరుగా, చిన్న విమానాల మీదే ఉన్నాను. అందుకని రెండు వైపుల పద్ధతీ చెప్పగలను.

అన్నిటికంటే ముందు మీరు అడగనిది ఒకటి. బావగారి వీసా ఏమిటి? ఎన్ నంబర్, అంటే అమెరికా రిజిస్ట్రేషన్, ఒక మనిషి పేరు మీద కావాలంటే ఆయన అమెరికా పౌరుడైనా కావాలి, గ్రీన్ కార్డ్ అయినా ఉండాలి. హెచ్-1బీ మీద ఉంటే సొంత పేరున రాదు. ట్రస్ట్ పెట్టి దాని పేరు మీద కొనే దారి ఉంది కానీ దానికి ఖర్చూ, కాగితాలూ వేరే, లాయర్‌తో మాట్లాడకుండా అటు వెళ్లొద్దు. అడ్వాన్స్ ఇచ్చేశాక ఈ సంగతి తెలిసి తల పట్టుకున్న మనవాళ్లను చూశాను. గ్రీన్ కార్డ్ ఉంటే ఈ పేరా వదిలేయండి.

ఇక అసలు విషయం. మన ఊళ్లోనే ఎన్‌ఏఎల్ (నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్)లో పుట్టిన హంస-3 అనే చిన్న విమానం తీసుకోండి. 1993లో మొదటిసారి ఎగిరింది, 2000లో మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ సర్టిఫికేషన్ వచ్చింది. అలాంటి విమానానికి టైప్ డిజైన్ అని ఒకటి ఉంటుంది, అంటే ప్రతి రివెట్టూ ఎక్కడ ఉండాలో ఆమోదం పొందిన డ్రాయింగుల్లో ఉంటుంది. మెకానిక్ సంతకం పెడుతున్నాడంటే విమానం ఆ డ్రాయింగుల ప్రకారం ఉంది, ఎగరడానికి క్షేమంగా కూడా ఉంది అని రెండూ చెప్తున్నట్టు. ఇంట్లో కట్టిన ఆర్‌వీ-6కి అలాంటి టైప్ డిజైన్ లేదు. వాన్స్ కంపెనీ ప్లాన్లు అమ్మింది, కిట్ అమ్మింది, కానీ కట్టినాయన తనకు నచ్చినట్టు మార్చుకున్నా చట్టం ఒప్పుకుంటుంది. నేర్చుకోవడానికో సరదాకో కట్టుకుంటూ సగానికి పైగా పని ఔత్సాహికులే చేశారని చూపిస్తే చాలు, అందరూ 51 శాతం రూల్ అనేది దీన్నే. పోల్చి చూడడానికి డ్రాయింగే లేనప్పుడు దాని ప్రకారం ఉందో లేదో ఎవరూ చెప్పలేరు కదా. అందుకే అమెరికా మెయింటెనెన్స్ రూల్స్ ఉన్న పార్ట్ 43 ఈ విమానాలకు వర్తించదని ఆ పార్ట్ మొదట్లోనే రాసి పెట్టారు.

దాని ఫలితం ఏమిటంటే, బావగారు ఆయిల్ మార్చొచ్చు, టైరు మార్చొచ్చు, సిలిండర్ ఊడదీసి బిగించొచ్చు, రెక్కలో చొట్ట పడితే రేకు మార్చి రివెట్లు కొట్టొచ్చు. లైసెన్స్ అక్కర్లేదు. పక్క హ్యాంగర్ స్నేహితుడు వచ్చి చేసినా తప్పు లేదు. కట్టినవాడికి మాత్రమే ఆ హక్కు, కొన్నవాడికి లేదు అని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. మెయింటెనెన్స్ విషయంలో కట్టినవాడికీ కొన్నవాడికీ తేడా లేదు.

తేడా సంతకం దగ్గర వస్తుంది. ప్రతి 12 క్యాలెండర్ నెలలకు ఒకసారి కండిషన్ ఇన్‌స్పెక్షన్ జరగాలి, లాగ్‌బుక్‌లో తేదీ, విమానం మొత్తం ఎగిరిన గంటలు, పార్ట్ 43 అపెండిక్స్ డి పరిధి ప్రకారం తనిఖీ చేశాను, క్షేమంగా ఎగరగల స్థితిలో ఉంది అన్న వాక్యం, సంతకం, సర్టిఫికెట్ నంబర్ ఉండాలి. పార్ట్ 43 వర్తించదన్నారు కదా మళ్లీ అపెండిక్స్ డి ఏమిటి అంటారేమో. ఆ అపెండిక్స్ నేరుగా కాదు, ఆపరేటింగ్ లిమిటేషన్స్ అనే కాగితం ద్వారా వచ్చి కూర్చుంటుంది, దాని సంగతి కింద చెప్తాను. ఈ సంతకం ముఖ్యంగా ఇద్దరు పెట్టగలరు. ఒకరు ఏ అండ్ పీ మెకానిక్, సర్టిఫైడ్ విమానం యాన్యువల్ తనిఖీకి కావాల్సిన ఐఏ అనే అదనపు అధికారం దీనికి అక్కర్లేదు. రెండోవారు ఈ విమానానికే రిపేర్‌మ్యాన్ సర్టిఫికెట్ ఉన్న మనిషి, అంటే ప్రధానంగా కట్టినాయన. ఆ సర్టిఫికెట్ మనిషికి ఇస్తారు, కానీ ఆ ఒక్క విమానం మీదే చెల్లుతుంది. విమానం అమ్మితే దానితోపాటు కొన్నవాళ్లకు రాదు. బావగారు ఇంజన్ మొత్తం విప్పి మళ్లీ కట్టినా, రెక్కలు కొత్తవి వేసినా ఆయనకు ఆ సర్టిఫికెట్ ఇవ్వరు.

కానీ అమ్మినాయన దగ్గర ఆ సర్టిఫికెట్ అలాగే ఉంటుంది. విమానం చేతులు మారినా ఆయన దాని మీద సంతకం పెట్టొచ్చు. ఆయన డల్లాస్ చుట్టుపక్కలే ఉంటే బేరం మాట్లాడేటప్పుడే, మొదటి ఒకటి రెండు ఇన్‌స్పెక్షన్లు మీరే చేయండి సార్, నేను పక్కన ఉండి పానా అందిస్తాను అని బావగారు అడగాలి. ఆ విమానం లోపల ఏ వైరు ఎటు వెళ్లిందో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ధర కాస్త ఎక్కువ చెప్పినా ఈ ఒప్పందం కుదిరితే నేనైతే తీసుకోమంటాను.

ఇప్పుడు ఆ కాగితం. ప్రతి ఎక్స్‌పెరిమెంటల్ విమానానికీ గులాబీ రంగు ఎయిర్‌వర్దీనెస్ సర్టిఫికెట్‌తోపాటు ఆపరేటింగ్ లిమిటేషన్స్ అని కొన్ని పేజీలు ఇస్తారు. అవి సర్టిఫికెట్‌లో భాగమే, విమానంలో ఉండి తీరాలి. మీరు అడిగిన ప్రశ్నల్లో చాలావాటికి నిజమైన జవాబు నా దగ్గరో, యూట్యూబ్‌లోనో లేదు, ఆ పేజీల్లో ఉంది. ఎందుకంటే అవి అన్ని విమానాలకూ ఒకేలా ఉండవు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ తన 8130.2 ఆర్డర్‌ను మార్చినప్పుడల్లా అందులోని వాక్యాలు మారుతూ వచ్చాయి, పాత విమానానికి ఆరోజు ఏ వాక్యం పడిందో అదే ఇప్పటికీ దాని చట్టం. పెద్ద మార్పు చేస్తే ఏం చేయాలన్నది కొన్ని పాతవాటిలో ఒకలా ఉంటుంది, కొత్తవాటిలో ఇంకోలా ఉంటుంది. పాతవి మరీ ఇబ్బందిగా ఉంటే కొత్త లిమిటేషన్స్ ఇవ్వమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. కొనేముందు అమ్మేవాళ్లను మొదట అడగాల్సింది రంగు గురించో రేడియో గురించో కాదు, ఆ పేజీల కాపీ. పోయాయి అంటే ఎఫ్ఏఏ నుంచి మళ్లీ తెప్పించేదాకా డబ్బు కట్టొద్దు, అవి లేకుండా ఆ విమానం ఎగరడం చట్టవిరుద్ధం.

కండిషన్ ఇన్‌స్పెక్షన్ అంటే ఏం చూస్తారు అని కూడా అడిగారు. అపెండిక్స్ డి మొదలయ్యేదే కౌలింగ్, ఫేరింగులు, ఇన్‌స్పెక్షన్ ప్లేట్లు అన్నీ విప్పి విమానాన్నీ ఇంజన్నీ శుభ్రం చేయమనడంతో. ఆ తర్వాత సిలిండర్ల కంప్రెషన్, ఆయిల్ స్క్రీన్‌లో లోహపు రజను, ఇంజన్ మౌంట్‌లో పగుళ్లు, ఎగ్జాస్ట్, కంట్రోల్ కేబుళ్లు, చక్రాలు, బ్రేకులు, ప్రొపెల్లర్, చాంతాడంత జాబితా. అది చదువుకోవచ్చు. ఇంట్లో కట్టిన విమానాల్లో నా చూపు మొదట పోయే రెండు చోట్లు మాత్రం చెప్తాను.

ఒకటి ఫైర్‌వాల్‌కు, అంటే ఇంజన్‌కూ కాక్‌పిట్‌కూ మధ్య ఉన్న గోడకు, ఇంజన్ వైపు వాడిన నట్లు. లోపల నైలాన్ రింగు ఉన్న లాక్ నట్లు విమానం అంతటా వాడతారు, చవక, తేలిక. కానీ 250 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే ఆ నైలాన్ పట్టు వదిలేస్తుంది. ఎగ్జాస్ట్ పక్కన ఉండాల్సింది మొత్తం లోహంతో చేసిన లాక్ నట్టు. పై నుంచి టార్చ్ వేస్తే రెండూ ఒకేలా ఉంటాయి, వేలి గోరుతో నట్టు అంచు తడిమితే నైలాన్ ఉబ్బు తగులుతుంది, వేడికి కాలినదైతే పెళుసుగా విరిగి గోరుకు అంటుకుంటుంది. రెండోది ఫ్యూయల్ పైపుల చివర్లు. విమానం ఫిటింగుల్లో పైపు నోరు 37 డిగ్రీల కోణంలో విచ్చుకుని ఉంటుంది, కార్ల బ్రేక్ పైపులకు 45 డిగ్రీలు. మన జేసీ రోడ్డులో దొరికే ఫ్లేరింగ్ టూల్ 45ది. దాంతో చేసిన పైపును విమానం ఫిటింగ్‌లో బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది, ఆరోజు కారదు కూడా. కొన్ని గంటల వైబ్రేషన్ తిన్నాక కూర్చున్న అంచు మీద సన్నటి పగులు వచ్చి నీలం మరక కనిపిస్తుంది, ఏవ్‌గ్యాస్ (విమాన పెట్రోలు) ఆరిపోయాక మిగిలే రంగు అది. అమెరికాలోనూ ఆటో పార్ట్స్ షాపులో కొన్న టూల్ వాడినవాళ్లు ఉన్నారు. కొనేముందు ప్రతి ఫ్యూయల్ నట్టు చుట్టూ ఆ మరక కోసం వెతకమనండి.

ఇంకోటి, వాన్స్ కంపెనీ సర్వీస్ బులెటిన్లు. చట్టం ప్రకారం తప్పనిసరి కాకపోవచ్చు, కానీ ఆర్‌వీ-6తో సహా కొన్ని మోడళ్లకు హారిజాంటల్ స్టెబిలైజర్ (తోక దగ్గరి అడ్డ రెక్క) ముందు స్పార్‌లో, అంటే లోపల బరువు మోసే దూలంలో, పగుళ్లు చూడమని 2014లో వచ్చిన బులెటిన్ లాంటివి పక్కన పెట్టడానికి వీల్లేదు. ఆ పని చేసినట్టు లాగ్‌బుక్‌లో ఉందా లేదా చూడండి. లేకపోతే ఆ విమానాన్ని ఇంటికి ఎగరేసుకు రాకముందే చూపించండి.

ఇప్పుడు మార్పుల సంగతి. చిన్న మార్పా, పెద్ద మార్పా అన్నది తేల్చే రూల్ పార్ట్ 21లో 21.93. బరువు, బ్యాలెన్స్, నిర్మాణ బలం, నమ్మకంగా పని చేయడం, ఎగిరే తీరు వీటి మీద చెప్పుకోదగ్గ ప్రభావం లేకపోతే చిన్న మార్పు, మిగతావన్నీ పెద్దవే. సీటు కుషన్, యూఎస్‌బీ చార్జర్, పాత రేడియో బదులు కొత్తది, ఇవి చిన్నవి, లాగ్‌బుక్‌లో రాసి, బరువు మారితే వెయిట్ అండ్ బ్యాలెన్స్ కాగితం సరిచేస్తే సరిపోతుంది. ప్యానెల్‌లో గ్లాస్ డిస్‌ప్లే కూడా సాధారణంగా ఇందులోనే పడుతుంది, కాకపోతే వేగం, ఎత్తు కొలిచే గాలి ఒత్తిడి తెచ్చే పిటో స్టాటిక్ పైపులు విప్పి బిగించాక లీక్ టెస్ట్ చేయకుండా ఎగరకూడదు. ట్రాన్స్‌పాండర్‌కు (రాడార్‌కు విమానం జాడ చెప్పే పరికరం) 24 నెలలకోసారి జరగాల్సిన టెస్ట్, ఈఎల్‌టీకి (విమానం కూలితే సంకేతం పంపే పరికరం) 12 నెలల తనిఖీ ఎక్స్‌పెరిమెంటల్ అయినా తప్పవు. ట్రాన్స్‌పాండర్ టెస్ట్ మాత్రం బావగారు సొంతంగా చేసుకునేది కాదు, దానికి అర్హత ఉన్న షాపే చేయాలి.

కాన్‌స్టంట్ స్పీడ్ ప్రొపెల్లర్ మాత్రం పెద్ద మార్పే, అందులో వాదనకు చోటు లేదు. ఇటీవలి ఆపరేటింగ్ లిమిటేషన్స్‌లో ఫిక్స్‌డ్ నుంచి కంట్రోలబుల్ ప్రొపెల్లర్‌కు మారడాన్ని పేరు పెట్టి మరీ చెప్పారు. పద్ధతి ఇలా ఉంటుంది. మార్పు వివరాలు టెస్ట్ ఫ్లైట్‌కు ముందే లాగ్‌బుక్‌లో రాయాలి. బావగారి ప్రాంతంలోని ఎఫ్‌ఎస్‌డీవోకు, అంటే ఎఫ్ఏఏ స్థానిక కార్యాలయానికి, టెస్ట్ ఎక్కడ చేస్తారో చెప్పి ఆ ఏరియాకు వాళ్ల ఒప్పుదల తీసుకోవాలి. ప్రొపెల్లర్ విషయంలో 8130-6 ఫారం కొత్తగా నింపి పంపాలి. ఆ తర్వాత కనీసం 5 గంటలు, పగటిపూట, జనం పలచగా ఉన్న చోట, పని లేని మనిషి ఎవరూ ఎక్కకుండా ఎగరాలి. అయ్యాక విమానం అన్ని మామూలు వేగాల్లోనూ అదుపులో ఉంది, ప్రమాదకర లక్షణాలు లేవు అని, కొలిచిన స్టాల్ వేగం (అంతకు తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేని వేగం), క్లైంబ్ వేగాలు, ఆ సమయంలో ఉన్న బరువు, సీజీ (గురుత్వ కేంద్రం) ఎంతో రాసి సంతకం పెట్టాలి. గమనించండి, ఇందులో ఎక్కడా డిజైన్ బాగుందా అని ఎఫ్ఏఏ ఇంజనీర్ చూసే మెట్టు లేదు. ఇంగ్లండ్‌లో అయితే లైట్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఇంజనీరింగ్ విభాగం మార్పును చూసి ఒప్పుకోవాలి. అమెరికాలో ఆ చూపు బావగారిదే. కొత్త విమానానికి మొదట్లో పడే 25 గంటలో 40 గంటలో టెస్ట్ పీరియడ్ ఎందుకు పెట్టారో, ఈ 5 గంటలూ అందుకే పెట్టారు.

అందుకని కాగితం కంటే ముందు ఇంజన్ గురించి ఆలోచించమనండి. కాన్‌స్టంట్ స్పీడ్ ప్రొపెల్లర్ బ్లేడ్ కోణం మార్చేది గవర్నర్ పంపే ఆయిల్ ఒత్తిడి, ఆ ఆయిల్ క్రాంక్‌షాఫ్ట్ ముందు భాగం బోలుగా ఉంటేనే హబ్‌లోకి వెళ్తుంది. లైకమింగ్ కంపెనీ ఓ-320 ఇంజన్లలో కొన్నిటికి క్రాంక్‌షాఫ్ట్ బోలుగా ఉండదు, వాటికి ఈ ప్రొపెల్లర్ పనికిరాదు. బోలుది అయినా ఇన్నాళ్లూ ఫిక్స్‌డ్ ప్రొపెల్లర్‌తో తిరిగితే లోపల తడి చేరి తుప్పు గుంటలు పడే అవకాశం ఉంది. ఆ తుప్పు చూడమని 320, 360 ఇంజన్ల మీద ఎఫ్ఏఏ 1998లో ఏడీ (భద్రతా ఆదేశం) కూడా ఇచ్చింది. టైప్ సర్టిఫికెట్ లేని విమానానికి ఏడీలు వర్తిస్తాయా అని హ్యాంగర్లలో గంటలకొద్దీ వాదించుకుంటారు, నేను మాత్రం ఆ ఏడీ ప్రకారం చూడని ఇంజన్‌కు సంతకం పెట్టేవాణ్ని కాదు. పైగా హబ్, గవర్నర్ బరువు మొత్తం ముక్కు మీద పడుతుంది, సీజీ ముందుకు జరుగుతుంది. ఇద్దరు మనుషులతో దిగేటప్పుడు ముక్కు ఎత్తడానికి ఎలివేటర్ (తోక మీది కదిలే రెక్క) చాలుతుందా అన్నది లెక్క వేసి, తర్వాత ఎగిరి చూడాల్సిన విషయం. విమానాన్ని మూడు తక్కెడల మీద పెట్టి నిజంగా తూచమనండి, పాత కాగితంలో కొత్త వస్తువు బరువు కూడి వదిలేస్తే చాలదు, ఎందుకంటే పాత కాగితం ఎంత నిజమో తెలియదు. కొందరు బిల్డర్లు వాన్స్ సూచించిన 1600 పౌండ్లు దాటించి గ్రాస్ వెయిట్ (ఎగరడానికి అనుమతించే గరిష్ఠ బరువు) తమకు తోచినంత రాసుకుంటారు, చట్టం ఒప్పుకుంటుంది, రెక్క స్పార్ మారదు.

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ చిన్నదిగా కనిపిస్తుంది, నా దృష్టిలో అది పెద్ద మార్పు. రెండు కారణాలు. మాగ్నెటోకు విమానం బ్యాటరీతో పని లేదు, ఆల్టర్నేటర్ చచ్చినా, మాస్టర్ స్విచ్ కట్టేసినా ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్లలో చాలావాటికి కరెంటు కావాలి, రెండు మాగ్నెటోలూ తీసేసి బ్యాకప్ బ్యాటరీ పెట్టకపోతే ఒక్క వైరు తెగితే ఇంజన్ ఆగుతుంది. ఒక మాగ్నెటో అలాగే ఉంచి ఒకవైపు మాత్రమే ఎలక్ట్రానిక్ పెట్టుకోమని నా సలహా. రెండో కారణం చాలామందికి తట్టదు. మంట ముందుగా, గట్టిగా అంటుకుంటే క్రాంక్‌షాఫ్ట్ మీద పడే దెబ్బల తీరు మారుతుంది, ఆ కంపనం మెటల్ ప్రొపెల్లర్ బ్లేడ్లలోకి పోతుంది. ఓ-320 మీద ఆర్‌వీలు వాడే సెన్సెనిచ్ మెటల్ ప్రొపెల్లర్‌కు 2600 ఆర్‌పీఎం దాటొద్దని పరిమితి ఉండడం ఇలాంటి కంపన పరీక్షల వల్లే, ఇంజన్ 2700 తిరగగలిగినా సరే. ఆ పరీక్షలు మాగ్నెటోలతో, మామూలు పిస్టన్లతో చేసినవి. ఇగ్నిషన్ మార్చాక ఆ అంకె మీద నమ్మకం పెట్టుకోవడానికి లేదు. ప్రొపెల్లర్ కంపెనీకి ఇంజన్ మోడల్ నంబర్, పిస్టన్ల కంప్రెషన్, ఏ ఇగ్నిషనో రాసి ఉత్తరంలో జవాబు తెప్పించుకుని లాగ్‌బుక్‌లో పెట్టుకోవాలి. ప్రొపెల్లర్, ఇగ్నిషన్ రెండూ ఒకేసారి మార్చొద్దు. ఒకటి మార్చి, ఎగిరి, స్థిరపడ్డాకే రెండోది, లేకపోతే ఏదైనా తేడా వచ్చినప్పుడు దేనివల్లో తేల్చుకోలేరు.

కట్టినాయన చేసిన మార్పు కొన్నాయన మీద ఎలా పడుతుందో చూపించే కేసు ఒకటి ఉంది. బర్ట్ రుటాన్ అనే అమెరికా డిజైనర్ గీసిన లాంగ్-ఈజీ మన బెంగళూరుకు కొత్త కాదు, 1980ల్లో ఎన్‌ఏఎల్ వాళ్లు దాని ఆధారంగానే తేలికపాటి కనార్డ్ (ముందువైపు చిన్న రెక్క ఉండే) పరిశోధన విమానం కట్టి ఎగరేశారు. అమెరికాలో గాయకుడు జాన్ డెన్వర్ అలాంటి ఇంట్లో కట్టిన లాంగ్-ఈజీ సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ప్లాన్ ప్రకారం ఫ్యూయల్ ట్యాంక్ మార్చే వాల్వ్ పైలట్ కాళ్ల మధ్య ఉండాలి. కట్టినాయన దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక గోడకు పెట్టారు, ఎటు తిప్పితే ఏ ట్యాంకో గుర్తులు కూడా లేవు. తిప్పాలంటే స్టిక్ వదిలి, నడుము తిప్పి, కుడిచేయి ఎడమ భుజం మీదుగా వెనక్కి చాచాలి, అలా తిరిగేటప్పుడు తెలియకుండానే కుడి కాలు రడ్డర్‌ను నొక్కుతుంది. 1997 అక్టోబర్ 12న మాంటెరీ బే దగ్గర ఆ వాల్వ్ తిప్పబోయి అదుపు తప్పి విమానం సముద్రంలో పడింది, ఆయన చనిపోయారు. వాల్వ్‌ను అక్కడ పెట్టడం, ఫ్యూయల్ గేజ్‌లకు గుర్తులు లేకపోవడం, ఆ విమానం మీద ఆయనకు తగినంత శిక్షణ లేకపోవడం, బయల్దేరేముందు ఇంధనం సంగతి సరిగ్గా చూసుకోకపోవడం కూడా కారణాలేనని అమెరికా ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ రాసింది. ఆ వాల్వ్ చట్టవిరుద్ధం కాదు. తనిఖీల్లో సంతకాలు పడుతూనే వచ్చాయి.

అందుకే బావగారిని, కొనేముందు కళ్లు మూసుకుని కూర్చుని ఫ్యూయల్ సెలెక్టర్, మిక్స్చర్, మాస్టర్ స్విచ్, కనోపీ లాచ్ చేత్తో వెతుక్కోమనండి. బెల్టులు బిగించుకున్నాక అందనిది ఏదైనా ఉంటే ఆయన చేయాల్సిన మొదటి మార్పు అదే, ప్రొపెల్లర్ కాదు. ఈఏఏ అనే ఔత్సాహిక విమాన బిల్డర్ల సంఘం స్థానిక చాప్టర్లలో టెక్నికల్ కౌన్సిలర్లని అనుభవం ఉన్న బిల్డర్లు ఉంటారు, స్వచ్ఛందంగా వచ్చి చూసి చెప్తారు, మొహమాటపడకుండా పిలవమనండి. ఎఫ్ఏఏ సలహా పత్రం ఏసీ 90-89 టెస్ట్ ఫ్లయింగ్ మీద రాసినది, ఆ 5 గంటల ముందు అది పూర్తిగా చదవాలి.

ఇక బెంగళూరు. దీనికి జవాబు మీకు నచ్చదు. అమెరికా ఎక్స్‌పెరిమెంటల్ సర్టిఫికెట్ అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ఇచ్చిన ఎయిర్‌వర్దీనెస్ సర్టిఫికెట్ కాదు, కాబట్టి వేరే దేశం దాన్ని గుర్తించాల్సిన పని లేదు. ఇక్కడికి తేవాలంటే ఎన్ రిజిస్ట్రేషన్ రద్దు చేయించి వీటీ రిజిస్ట్రేషన్, అంటే మన దేశపు రిజిస్ట్రేషన్, అడగాలి, టైప్ సర్టిఫికెట్ లేని విమానం కాబట్టి మామూలు దారి మూసుకుపోయినట్టే. ఎక్స్‌పెరిమెంటల్ దారి ఎంత పొడుగో కెప్టెన్ అమోల్ యాదవ్ కథ అందరికీ తెలిసిందే. ముంబైలో ఇంటి డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టారు, 2016లో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో పెట్టారు, రిజిస్ట్రేషన్ 2017లో వచ్చింది, ఎగరడానికి పర్మిట్ 2019లో. అది సొంతంగా ఇక్కడే కట్టిన మనిషికి, ప్రభుత్వం దృష్టిలో పడ్డాక. 1934 నాటి చట్టం స్థానంలో వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది, కానీ దానివల్ల హోంబిల్ట్ యజమానికి పానా చేతికి ఇచ్చే స్వేచ్ఛ ఏమీ రాలేదు. ఇక్కడ విమానం మీద పని సర్టిఫై చేయాలంటే డీజీసీఏ ఇచ్చిన ఏఎంఈ లైసెన్స్ ఉండాలి, మార్పుకు ముందుగా ఆమోదం ఉండాలి. ఇది నాకు బాధగానే ఉంటుంది. ఇంత ఏరోనాటికల్ చదువు, ఇన్ని చేతులు ఉన్న ఊరు ఇది. కట్టి నేర్చుకోవాలనుకునే పిల్లలకు అమెరికాలో ఉన్న దారిలో పావు వంతైనా ఇక్కడ ఉంటే బాగుండునని జక్కూరు గేటు దగ్గర కంచె పట్టుకుని చూస్తూ నిలబడే కుర్రాళ్లను చూసినప్పుడల్లా అనుకుంటాను.

కాబట్టి తిరిగొచ్చే ఆలోచన గట్టిగా ఉంటే, అక్కడే అమ్మేసి రావాల్సి వస్తుందనుకునే కొనమనండి. అలాంటప్పుడు లాగ్‌బుక్‌లు శుభ్రంగా ఉంచడం మరీ ముఖ్యం. ప్రతి పనీ తేదీ, గంటలు, వాడిన పార్ట్ నంబర్‌తో రాయాలి, సొంతంగా ఆయిల్ మార్చినా సరే. ఆ లైకమింగ్‌ను రేపు ఎవరైనా సర్టిఫైడ్ విమానానికి వాడాలనుకుంటే అది మళ్లీ తన టైప్ డిజైన్‌కు సరిపోతుందని చూపించాలి, కాగితాలు లేకపోతే ఇంజన్ విలువ బాగా పడిపోతుంది.

బావగారి విమానం ఆపరేటింగ్ లిమిటేషన్స్ పేజీలు ఫొటో తీసి, ఎన్ నంబర్, పేర్లు కప్పేసి ఇక్కడ పెట్టండి. పెద్ద మార్పు గురించిన పేరా ఏ కాలం నాటిదో, ఇంజన్ పూర్తి మోడల్ నంబర్ ఏమిటో తెలిస్తే ప్రొపెల్లర్ సంగతి అవునో కాదో అప్పుడే చెప్పగలను.